బిల్డర్ చేతులెత్తేశాడు, మెయింటెనెన్స్ ఎస్‌ఎఫ్‌టీకి 6 రూపాయలైంది: ఓనర్లు ముందు ఏం చేయాలి?

#1 సి_బ్లాక్_ఓనరు

హైదరాబాద్ శివార్లలోని చాలా ప్రాజెక్టుల్లో ఒకే తరహా చిక్కు నడుస్తోంది. చర్చ సులువుగా సాగేందుకు ఒక నమూనా పెడుతున్నాను. లెక్కలన్నీ దీని మీదే వేసుకుందాం.

మొత్తం 180 ఫ్లాట్లు, సగటున ఒక్కోటి 1,500 ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగులు). 120 ఫ్లాట్లు అమ్ముడై ఓనర్లు దిగారు. మిగతా 60 బిల్డర్ చేతిలోనే ఉన్నాయి, వాటిలో కొన్ని బ్యాంకు తాకట్టులో ఉన్నాయి. అసోసియేషన్ ఇంకా రిజిస్టర్ కాలేదు. మెయింటెనెన్స్ వసూలు చేసేది బిల్డర్ సొంత కంపెనీయే. ఎస్‌ఎఫ్‌టీకి 4 రూపాయలున్నది ఇప్పుడు 6 చేశారు. కార్పస్ ఫండ్ (ముందు ముందు వచ్చే పెద్ద ఖర్చులకు దాచే నిధి) కింద ఎస్‌ఎఫ్‌టీకి 50 తీసుకున్నారు, ఆ డబ్బు ఎక్కడుందో చెప్పరు. బిల్డర్ మీద ఎన్‌సీఎల్‌టీలో (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్) దివాలా పిటిషన్ పడింది, ఇంకా అడ్మిట్ కాలేదు, అంటే విచారణకు స్వీకరించలేదు.

ప్రశ్నలు మూడు. పెంచిన మెయింటెనెన్స్ కట్టకుండా ఆపొచ్చా? కార్పస్ రాబట్టే దారేంటి? పిటిషన్ అడ్మిట్ అయితే మన చేతిలో ఏం మిగులుతుంది?

#2 వకీలు_నాంపల్లి

కట్టడం పూర్తిగా ఆపొద్దండి. రెరా చట్టం (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, 2016) సెక్షన్ 19(6) ప్రకారం మెయింటెనెన్స్‌లో తన వాటా కట్టడం కొనుగోలుదారు బాధ్యత. ఆలస్యం చేస్తే 19(7) కింద వడ్డీ పడుతుంది. మీరే ఎగవేతదారుగా నిలబడితే, రేపు మీరు వేసే ఫిర్యాదులో బిల్డర్ లాయరు మొదట చూపించేది ఆ బకాయినే.

అదే చట్టం బిల్డర్‌ని కూడా కట్టేసింది. అసోసియేషన్ బాధ్యత తీసుకునేదాకా అత్యవసర సేవలు నడపాల్సింది అతనే, అదీ సహేతుకమైన ఛార్జీలకే. ఇది 11(4)(డి). కాబట్టి పాత రేటు ప్రకారం కట్టండి. పెంచిన భాగాన్ని అభ్యంతరం తెలుపుతూ కట్టండి, లేదా లెక్కలు చూపించేదాకా కట్టబోమని రాతపూర్వకంగా తెలపండి. ఈమెయిల్ ఒక్కటే సరిపోదు, రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచండి. లేఖలో నెలవారీ ఖర్చుల పట్టిక, ఏజెన్సీల బిల్లులు, ఏ ఫ్లాటు ఎంత కడుతోందన్న జాబితా అడగాలి. జాబితాలో ఆ 60 ఫ్లాట్లు కూడా ఉండాలి.

దీనికన్నా ముందు జరగాల్సిన పని అసోసియేషన్ రిజిస్ట్రేషన్. స్థానిక చట్టంలో గడువు లేకపోతే, ఎక్కువమంది బుక్ చేసుకున్న మూడు నెలల్లో సంఘం ఏర్పడేలా చూడాల్సింది బిల్డరేనని 11(4)(ఇ) చెబుతోంది. అతను చూడకపోతే మీరే చేసుకోవచ్చు, అతని సంతకంతో పనిలేదు. 2001 నాటి సొసైటీల చట్టం కింద అయితే ఏడుగురు సభ్యులు చాలు. బైలాస్‌లో మూడు విషయాలు తేల్చకుండా రిజిస్టర్ చేయకండి: ఛార్జీ ఎస్‌ఎఫ్‌టీకా లేక ఫ్లాటుకా, అమ్ముడుపోని ఫ్లాట్ల వాటా ఎవరిది, బకాయి మీద వడ్డీ ఎంత. చాలా గొడవలు ఈ మూడింటి దగ్గరే పుడతాయి.

#3 నాలుగో_అంతస్తు

అందరం ఒక్కటై మూడు నెలలు కట్టకపోతే బిల్డర్ దిగిరాడా? కట్టుకుంటూ పోతే అతనికి ఒత్తిడెక్కడిది?

#4 పంప్‌హౌస్

బిల్డర్ దగ్గర డబ్బుంటేనే ఆ ఒత్తిడి పనిచేస్తుంది. ఇక్కడ అతనే అప్పుల్లో ఉన్నాడు. అతని కంపెనీ ఏజెన్సీలకు చెల్లింపులు ఆపేస్తుంది, దెబ్బ తగిలేది మీకే. మొదట పోయేది సెక్యూరిటీ, తర్వాత లిఫ్టు ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం). ఏఎంసీ కొన్ని నెలలు తెగిపోయాక మళ్లీ మొదలుపెట్టాలంటే లిఫ్టు కంపెనీ తనిఖీ చేసి, అరిగిన భాగాలన్నీ మార్చాకే సంతకం చేస్తానంటుంది. ఆ మార్పిడి ఖర్చు మీ మీదే పడుతుంది. ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) పరిస్థితి ఇంకా దారుణం. గాలి అందక మురుగును శుద్ధి చేసే బ్యాక్టీరియా చచ్చిందంటే గాలి ఊదే బ్లోయర్ మళ్లీ వేసినంత మాత్రాన ప్లాంటు కోలుకోదు. బయటి నుంచి మంచి బురద తెచ్చి పోసి, వారాల తరబడి పెంచుకోవాలి.

డబ్బు ఆపడం కన్నా అది వెళ్లే దారి మార్చడం మేలు. అసోసియేషన్ ఖాతా తెరిచి, ఏజెన్సీలకు నేరుగా చెల్లించండి. ఒప్పందాలు అసోసియేషన్ పేరుతో మళ్లీ రాయించండి.

#5 పద్దుపుస్తకం

రేటు 4 నుంచి 6 ఎందుకైందో నమూనా అంకెలే చెబుతున్నాయి.

180 ఫ్లాట్లూ కడితే: 1,500 × 4 = 6,000. 180 × 6,000 = నెలకు 10,80,000.
120 ఫ్లాట్లే కడితే: 1,500 × 6 = 9,000. 120 × 9,000 = నెలకు 10,80,000.

ఖర్చు ఒక్క రూపాయి కూడా పెరగలేదు. బిల్డర్ తన 60 ఫ్లాట్ల వాటా, అంటే నెలకు 3,60,000, తీసి 120 మంది మీద వేశాడు. ఏడాదికి 43,20,000. ధరలు పెరిగాయన్న మాట నమ్మే ముందు మీ ప్రాజెక్టులోనూ ఈ గుణకారం చేసి చూడండి. అమ్ముడుపోని ఫ్లాట్ల శాతమూ పెంపు శాతమూ ఇలా కుదిరితే విషయం తేలిపోయినట్టే. మొత్తంలో మూడో వంతు ఫ్లాట్లు కట్టకపోతే మిగతావాళ్ల మీద పడేది 50 శాతం పెంపు. సగం కట్టకపోతే రెట్టింపు.

దీని వెనకే జీఎస్టీ ఉంది. నెలకు ఒక్కో సభ్యుడికి 7,500 దాకా మినహాయింపు 2018 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. కానీ అది లాభాపేక్ష లేని సంఘం తన సభ్యుల దగ్గర వసూలు చేసినప్పుడే. బిల్డర్ కంపెనీ బిల్లు వేస్తే ఆ మినహాయింపు లేదు, మొదటి రూపాయి నుంచే 18 శాతం. పాత రేటు 6,000 మీద కూడా 1,080 పడుతుంది. 120 ఫ్లాట్లకు నెలకు 1,29,600. అసోసియేషన్ చేతికొచ్చి, 180 ఫ్లాట్లూ కట్టి, 6,000 దగ్గర ఆగితే ఈ పన్నే ఉండదు.

ఒక జాగ్రత్త. మినహాయింపులో ఉన్న సంఘానికి సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ ఏజెన్సీలు వేసే జీఎస్టీ మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన పన్ను తిరిగి సర్దుబాటు) రాదు. కాబట్టి ఆ 1,29,600 మొత్తం మిగులుతుందని జనరల్ బాడీలో చెప్పకండి. ఏజెన్సీ బిల్లుల్లోని పన్ను తీసేశాక మిగిలేదే అసలు ఆదా.

#6 కొత్త_కోశాధికారి

మాది ఇప్పటికే 9,000 దగ్గరుంది. 7,500 దాటితే మొత్తం మీద పన్నా, పైన ఉన్న 1,500 మీదేనా? రెండూ వింటున్నాం.

#7 పద్దుపుస్తకం

రెండు మాటలకూ ఆధారం ఉందండి. 2019 జులై 22 నాటి కేంద్ర సర్క్యులర్ మొత్తం మీద అంటుంది: 9,000 మీద 18 శాతం, అంటే 1,620. పైనున్న భాగం మీదే పన్ను అని 2021 జులైలో మద్రాస్ హైకోర్టు చెప్పింది: 1,500 మీద 270. ఫ్లాటుకు నెలకు 1,350 తేడా. మన అధికారులు సర్క్యులర్ పట్టుకుని నోటీసు ఇవ్వొచ్చు. పైభాగం మీదే కట్టదలచుకుంటే ఆ తేడా సొమ్మును విడిగా ఎఫ్‌డీలో ఉంచి, తీర్మానం రాసుకోండి. తర్వాత ఒకేసారి సభ్యుల మీద పడకుండా ఉంటుంది. ఒకరికి రెండు ఫ్లాట్లుంటే 7,500 పరిమితి ఒక్కోదానికీ వేరుగా వర్తిస్తుంది, అది అదే సర్క్యులర్లో ఉంది. అసోసియేషన్ ఏడాది టర్నోవర్ 20 లక్షల లోపుంటే రిజిస్ట్రేషనే అక్కర్లేదు, అయితే మన నమూనా దాన్ని ఎప్పుడో దాటేసింది.

కామన్ ఏరియా కరెంటు బిల్లును మెయింటెనెన్స్‌లో కలిపేసి గుండుగుత్తగా వసూలు చేయకండి. డిస్కం వేసిన మొత్తాన్ని ఉన్నదున్నట్టు, ప్యూర్ ఏజెంటు (సభ్యుల తరఫున కట్టే మధ్యవర్తి) షరతులకు లోబడి విడిగా వసూలు చేస్తే అది పన్ను విలువలోకి రాదని 2023 అక్టోబరు సర్క్యులర్ చెబుతోంది.

#8 పంప్‌హౌస్

పద్దుపుస్తకం గారు ఖర్చు పెరగలేదని నమూనాకు చెప్పారు. నిజం బిల్లుల్లో మాత్రం ఉబ్బు ఉంటుంది. ఎక్కడ చూడాలో రాస్తాను.

సెక్యూరిటీ. ఒక గేటు దగ్గర 8 గంటల షిఫ్టులైతే వారానికి 21 షిఫ్టులు. మనిషి వారానికి 6 రోజులు చేస్తాడు. అంటే పోస్టుకు 3.5 మంది. 6 పోస్టులకు 21 మంది. బిల్లులో 21 ఉండి, గేటు దగ్గర 12 గంటల డ్యూటీ నడుస్తుంటే వాస్తవంగా ఉన్నది 14 మందే. మిగతా 7 పేర్లు కాగితం మీదే. ఏజెన్సీ దగ్గర ప్రతి నెలా పీఎఫ్ ఈసీఆర్ (నెలవారీ జమల జాబితా), ఈఎస్‌ఐ చలానా పేర్లతో సహా తీసుకుని హాజరు పుస్తకంతో పోల్చండి. ఈఎస్‌ఐ యజమాని వాటా 3.25 శాతం, పీఎఫ్ నిర్వహణ ఖర్చులతో కలిపి 13 శాతం. ఏజెన్సీ ఇవి జమ చేయకపోతే ప్రధాన యజమానిగా అసోసియేషన్ మెడకు చుట్టుకుంటుంది.

డీజిల్. జనరేటర్ ప్యానెల్‌లో యూనిట్ల మీటరు ఉంటుంది. సరైన లోడు మీద లీటరుకు 3 నుంచి 3.5 యూనిట్లు రావాలి. నెలలో 900 యూనిట్లు తిరిగి, బిల్లులో 400 లీటర్లుంటే లీటరుకు 2.25 వచ్చినట్టు. 300 లీటర్ల లోపు అయిపోవాలి. తేడాకు కారణాలు రెండు: పెద్ద జనరేటర్ని చిన్న లోడు మీద నడపడం, లేదా డీజిల్ బయటికి పోవడం. ప్రతి కోతకూ మొదలు, ముగింపు, యూనిట్ రీడింగ్, ట్యాంకు డిప్ స్కేలు కొలత రాయిస్తే నెలలోనే ఏదో తెలిసిపోతుంది.

హెచ్‌టీ (హై టెన్షన్ కరెంటు) సర్వీసు. సింగిల్ పాయింట్ (ప్రాజెక్టంతటికీ ఒకే కనెక్షన్) ఉన్నచోట కాంట్రాక్టెడ్ డిమాండులో (డిస్కంతో ఒప్పుకున్న గరిష్ఠ లోడు) కనీసం 80 శాతానికి డిమాండ్ ఛార్జీ పడుతుంది. 180 ఫ్లాట్లు నిండుతాయని తీసుకున్న డిమాండు, 120 ఫ్లాట్ల వాడకానికి ఎక్కువ. గత 12 నెలల బిల్లుల్లో నమోదైన గరిష్ఠ డిమాండు చూడండి. వేసవి నెల కూడా 80 శాతం దాటకపోతే తగ్గించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఎస్‌టీపీ. మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు, అందులో దాదాపు 80 శాతం మురుగు. ఫ్లాటుకు నలుగురనుకుంటే 120 ఫ్లాట్లకు రోజుకు 52 వేల లీటర్లు. ట్యాంకర్లతో మురుగు తోడిస్తున్నామని బిల్లు పెడుతుంటే ప్లాంటు పనిచేయట్లేదని అర్థం. పరీక్ష మీరే చేయొచ్చు. ఏరేషన్ ట్యాంకు నుంచి లీటరు నీరు గాజు సిలిండర్లో పట్టి, కదపకుండా 30 నిమిషాలు ఉంచండి. అడుగున గోధుమరంగు బురద 250 నుంచి 400 మిల్లీలీటర్ల దాకా కూర్చుని, పైన నీరు తేటగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. 50, 100 దగ్గరే ఆగితే బ్యాక్టీరియా లేదు. 700 దాటితే బురద తీయడం మానేశారు. నల్లగా ఉండి కుళ్లు వాసన వస్తే కరెంటు ఆదా కోసం బ్లోయర్ ఆపుతున్నారు. ఎంబీబీఆర్ రకం ప్లాంటైతే బ్యాక్టీరియా ప్లాస్టిక్ మీడియాకు పట్టి ఉంటుంది కాబట్టి ఈ అంకెలు వర్తించవు.

#9 సి_బ్లాక్_ఓనరు

హ్యాండోవర్ తీసుకోమని బిల్డర్ మనుషులు ఇప్పుడు తొందరపెడుతున్నారు. కార్పస్ ఇవ్వకుండా సంతకం పెట్టొచ్చా?

#10 వకీలు_నాంపల్లి

నడిపే బాధ్యత తీసుకోండి, అన్నీ సక్రమంగా అందాయన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. రెండింటికీ వేర్వేరు పత్రాలు రాసుకోవచ్చు. మొదటిదాంట్లో ఫలానా తేదీ నుంచి రోజువారీ నిర్వహణ అసోసియేషన్‌ది అని ఉంటుంది. రెండోదాంట్లో రాని వాటి జాబితా: కార్పస్, దాని వడ్డీ, పత్రాలు, లోపాలు. 'పూర్తి, తుది పరిష్కారం' అన్న మాట ఎక్కడున్నా కొట్టేయించండి.

స్థానిక చట్టంలో వేరే గడువు లేకపోతే ఓసీ (భవనంలో నివాసానికి అనుమతిచ్చే ధ్రువపత్రం) వచ్చిన 30 రోజుల్లో పత్రాలు, ప్లాన్లు ఇవ్వాలని సెక్షన్ 17(2) చెబుతోంది. మంజూరైన ప్లాన్లతో పాటు స్ట్రక్చరల్ డ్రాయింగులు, వాస్తవంగా వేసిన పైపులైన్ల, కరెంటు లైన్ల డ్రాయింగులు, ఫైర్ ఎన్‌ఓసీ, కాలుష్య మండలి అనుమతి, ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్, లిఫ్టుల వారంటీలు తీసుకోండి. స్ట్రక్చరల్ డ్రాయింగులు బిల్డర్ ఇవ్వకపోతే మంజూరు కాపీ కోసం మున్సిపల్ కార్యాలయంలో సమాచార హక్కు కింద అడగండి. బిల్డర్ ఆఫీసు మూతపడితే ఇక దొరకవు.

లోపాలకు పొసెషన్ తేదీ నుంచి అయిదేళ్లు. నిర్మాణం, పనితనం, సేవల్లో ఏ లోపమున్నా తెలియజేసిన 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి, సెక్షన్ 14(3). సెల్లార్లో నీటి ఊట, టెర్రస్ లీకేజీ, పగుళ్లు ఒక స్వతంత్ర స్ట్రక్చరల్ ఇంజినీరుతో తేదీ ఉన్న ఫొటోలతో నివేదిక రాయించి నోటీసుకు జతచేయండి. అంచనా ఖర్చు కూడా అందులో ఉండాలి. రేపు దివాలా క్లెయిమ్‌లో ఆ అంకే పనికొస్తుంది.

#11 టౌన్‌ప్లానింగ్_రిటైర్డ్

ఓసీ అసలు ఉందా అని ఎవరూ అడగలేదు, అది మొదట చూడండి. ఓసీ లేకపోతే నీరు, డ్రైనేజీ వంటి సేవలకు మూడు రెట్లు వసూలు చేసే అధికారాన్ని 2012 నాటి జీవో 168 ఇస్తోంది. మీ మెయింటెనెన్స్ ఉబ్బడానికి అదే కారణం కావొచ్చు. నీటి బోర్డు బిల్లులో కేటగిరీ, రేటు చదివితే తెలుస్తుంది.

అదే జీవో కింద బిల్డర్ నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని మంజూరు చేసిన సంస్థకు తనఖా పెడతాడు. ఓసీ వచ్చాకే విడుదల. ఓసీ లేదంటే ఆ 10 శాతం ఇంకా సంస్థ చేతిలోనే ఉంది. అవి ఏ ఫ్లాట్లో ఈసీలో (ఆస్తి మీది తాకట్లు చూపే ధ్రువపత్రం) చూడండి. నిబంధనల ప్రకారం పనులు పూర్తిచేయకుండా ఆ తనఖా విడుదల చేయొద్దని కమిషనర్‌కు అసోసియేషన్ రాతపూర్వక అభ్యంతరం ఇవ్వాలి. దివాలా తీస్తున్న బిల్డర్ మీద చేతిలో ఉన్న అతి గట్టి పట్టు అదే, చాలామంది వాడుకోరు.

#12 కొత్త_కోశాధికారి

కార్పస్ కోసం రెరాకు వెళ్లాలా, వినియోగదారుల కమిషన్‌కా?

#13 వకీలు_నాంపల్లి

ప్రాజెక్టు అనుమతి తేదీ ముందు చూడండి. తెలంగాణలో 2017 జనవరి 1 నుంచి అనుమతి పొందినవే రెరా రిజిస్ట్రేషన్ పరిధిలోకి వచ్చాయి. అంతకు ముందువైతే వినియోగదారుల కమిషన్ మేలు. చెల్లించిన సొమ్ము 50 లక్షల దాకా జిల్లా, 2 కోట్ల దాకా రాష్ట్ర, ఆ పైన జాతీయ కమిషన్. రెండేళ్ల కాలపరిమితి ఉంది.

రెరా అయితే సెక్షన్ 31 కింద అసోసియేషనే ఫిర్యాదు వేయొచ్చు. అథారిటీ ముందు ఫారం ఎం, రుసుము 1,000. నష్టపరిహారం కావాలంటే అడ్జుడికేటింగ్ ఆఫీసర్ ముందు ఫారం ఎన్, 5,000. రెండిటినీ ఒకే ఫిర్యాదులో కలిపితే సగం అభ్యర్థనలు పక్కనపెడతారు.

కార్పస్ లెక్క మన నమూనాలో: 2,70,000 ఎస్‌ఎఫ్‌టీ × 50 = 1.35 కోట్లు. ప్రస్తుతానికి వసూలైంది 120 ఫ్లాట్లదే కాబట్టి 90 లక్షలు. ఎఫ్‌డీలో 6.5 శాతానికి వేసినా ఏడాదికి 5,85,000 వడ్డీ రావాలి. ఫిర్యాదులో అసలు, వడ్డీ వేర్వేరుగా రాయండి. తుది ఉత్తర్వు కోసం ఆగకుండా సెక్షన్ 36 కింద మధ్యంతర ఉత్తర్వు అడగండి: కార్పస్ ఖాతా స్టేట్‌మెంటు దాఖలు చేయాలని, ఆ సొమ్ము కదపకూడదని. పిటిషన్ అడ్మిట్ కాకముందే ఇది జరగాలి. కారణం కింద ఐబీసీ (దివాలా చట్టం) తెలిసినవాళ్లు చెబుతారు.

ఇంకొకటి. మన దగ్గర ఎక్కువ ప్రాజెక్టులు డెవలప్‌మెంట్ ఒప్పందం (భూయజమాని స్థలమిస్తే బిల్డర్ కట్టి ఫ్లాట్లు పంచుకోవడం) మీద కట్టినవే. కట్టినవారూ అమ్మినవారూ వేరైతే ఇద్దరూ ప్రమోటర్లే, ఉమ్మడి బాధ్యత అని సెక్షన్ 2(జడ్‌కే) వివరణ చెబుతోంది. భూయజమాని తన వాటా ఫ్లాట్లు అమ్మి ఉంటే ప్రతివాదిగా చేర్చండి. బిల్డర్ దివాలాలోకి వెళ్లినా భూయజమాని మీద ఫిర్యాదు నడపడానికి దారి ఉంటుంది. అతని వాటా ఫ్లాట్లకు మెయింటెనెన్స్ బిల్లు కూడా అతని పేరునే పంపాలి.

#14 దివాలా_ఫైలు

అడ్మిట్ అయిన రోజు నుంచి ఏం మారుతుందో వరసగా రాస్తాను.

ఐబీసీ సెక్షన్ 14 మారటోరియం వస్తుంది. కంపెనీ మీద రెరా ఫిర్యాదులు, వినియోగదారుల కేసులు, వసూళ్లు అన్నీ ఆగిపోతాయి. బిల్డర్ స్థానంలో కంపెనీని నడిపేందుకు మధ్యంతర రిజల్యూషన్ ప్రొఫెషనల్, తర్వాత పూర్తిస్థాయి రిజల్యూషన్ ప్రొఫెషనల్ (ఆర్పీ) వస్తారు. మెయింటెనెన్స్ కంపెనీ వేరే సంస్థ అయితే దానికి మారటోరియం వర్తించదు, ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) రికార్డులో ముందే చూసుకోండి.

కార్పస్ విషయం ఇక్కడే తేలుతుంది. మూడో వ్యక్తికి చెందిన, ట్రస్టుగా పట్టుకున్న ఆస్తులు కంపెనీ ఆస్తులు కావని సెక్షన్ 18 వివరణ చెబుతోంది. లిక్విడేషన్‌లో (కంపెనీ ఆస్తులు అమ్మి మూసేసే దశ) 36(4) కూడా అలాగే వదిలేస్తుంది. కార్పస్ విడి ఖాతాలో, ఆ పేరుతో ఉంటే ఇది మాది, వెనక్కివ్వండి అని ఆర్పీని అడగొచ్చు. కంపెనీ మామూలు ఖాతాలో కలిసిపోతే ఆ వాదన నిలబెట్టడం కష్టం. అప్పుడు మీరూ అప్పులవాళ్ల వరసలో ఒకరు. పైన వకీలు గారు మధ్యంతర ఉత్తర్వు కోసం తొందరపెట్టింది అందుకే.

క్లెయిమ్ గడువు మధ్యంతర ఆర్పీ నియామకం నుంచి 14 రోజులు. పబ్లిక్ ప్రకటన పత్రికల్లో, ఐబీబీఐ (దివాలా నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్లో వస్తుంది. ఆలస్యమైతే 90 రోజుల దాకా, లేదా పరిష్కార ప్రణాళికలు ఆహ్వానించే తేదీ దాకా, ఏది తర్వాతైతే అది. ఆ తర్వాత ట్రిబ్యునల్ మెట్లెక్కాలి.

ఎవరు ఏ ఫారం వేయాలన్న చోటే ఎక్కువ తప్పులు జరుగుతున్నాయి. రిజిస్ట్రేషనో పొసెషనో రాని కొనుగోలుదారుకు ఫారం సీఏ, ఎవరికి వారు విడిగా. 2018 సవరణతో వీళ్లు ఆర్థిక రుణదాతలు. 2019 ఆగస్టు 9న సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. అసోసియేషన్‌కు రావాల్సిన కార్పస్, లోపాల ఖర్చు, 60 ఫ్లాట్ల పాత మెయింటెనెన్స్ బకాయి వేరే సంగతి. కార్పస్‌కు ముందు ట్రస్టు సొమ్ముగా వాపసు కోరుతూ లేఖ, దానితో పాటే హక్కులు వదులుకోకుండా ఫారం ఎఫ్. మెయింటెనెన్స్ బకాయికి సేవలందించినవారిగా ఫారం బీ. మూడింటినీ ఒకే కాగితం మీద రాస్తే పరిశీలనలో మొత్తం తిరస్కరణకు అవకాశం ఇచ్చినట్టే.

ఫారం సీఏలో అధీకృత ప్రతినిధిగా ముగ్గురి పేర్లలో ఒకరిని ఎంచుకోమంటారు, ఖాళీగా వదలకండి. ఓటు వేసినవాళ్లలో సగానికి మించిన వాటా ఎటుంటే ఆ ప్రతినిధి మొత్తం ఓటు అటే వేస్తాడు. ఓటు వాటా లెక్కలో, ఒప్పందంలో వేరే రేటు లేకపోతే, ఏడాదికి 8 శాతం వడ్డీ కలుపుతారు. కాబట్టి ప్రతి చెల్లింపు తేదీ బ్యాంకు స్టేట్‌మెంటుతో సహా పెట్టండి.

#15 నాలుగో_అంతస్తు

మా బ్లాకులో కొందరికి వడ్డీతో వాపసు ఇవ్వాలని రెరా ఉత్తర్వు ఇప్పటికే వచ్చింది. వాళ్లది వేరే వరసా?

#16 దివాలా_ఫైలు

కాదండి. రెరా డిక్రీ ఉన్నంత మాత్రాన కొనుగోలుదారుని వేరే తరగతిలో పెట్టకూడదని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. వాళ్లూ ఫారం సీఏనే వేయాలి, ఉత్తర్వు కాపీ జతచేయాలి. ఆర్పీ మరో తరగతిలో వేస్తే ఆ తీర్పు చూపించి వెంటనే అభ్యంతరం రాయండి.

కంపెనీకే మారటోరియం. ప్రమోటర్లు, డైరెక్టర్ల మీద చర్యలకు అది అడ్డం కాదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

#17 కొత్త_కోశాధికారి

దివాలా నడిచినంత కాలం ఆ 60 ఫ్లాట్ల మెయింటెనెన్స్ మాటేంటి? ఇంకో సందేహం, కట్టని ఓనర్లకు నీళ్లు ఆపొచ్చా?

#18 పద్దుపుస్తకం

అడ్మిట్ తేదీకి ముందుది పాత బకాయి, క్లెయిమ్‌లోకి పోతుంది. ఆ తేదీ నుంచి ప్రతి నెలా 3,60,000 బిల్లు ఆర్పీ పేరున పంపండి, దివాలా ప్రక్రియ ఖర్చుగా చెల్లించాలని అందులోనే రాయండి. ఆర్పీ వాదించవచ్చు. కానీ బిల్లే పంపకపోతే అడగడానికి ఆధారమే ఉండదు. రెండు పద్దులూ విడి లెడ్జర్లలో ఉండాలి.

ఆ ఫ్లాట్లు ఏ బ్యాంకు తాకట్టులో ఉన్నాయో సెర్సాయ్‌లో (తాకట్ల కేంద్ర రిజిస్టరు), ఎంసీఏ ఛార్జీల జాబితాలో వెతకండి. బ్యాంకుకు ఫ్లాటు నంబరు వారీగా బకాయి పట్టిక పంపి, వేలం ప్రకటనలో చూపించమని కోరండి. ఉన్నది ఉన్నట్టుగా కొనేవాడు బకాయి తెలిసి కొన్నాడన్నది అప్పుడు రికార్డులో ఉంటుంది.

నీళ్లు, కరెంటు ఆపకండి. కోర్టులు వాటిని అత్యవసరాలుగానే చూస్తాయి, అసోసియేషనే ముద్దాయి అవుతుంది. బైలాస్‌లో రాసుకుంటే క్లబ్‌హౌస్, జిమ్ వంటివి ఆపొచ్చు. తర్వాత లీగల్ నోటీసు, డబ్బు దావా. బకాయికి మూడేళ్ల కాలపరిమితి ఉంది కాబట్టి పాత నెలలు చేజారకుండా చూసుకోండి.

#19 బి_టవర్_కొనుగోలుదారు

తాళాలిచ్చారు, లోపల ఉంటున్నాం, రిజిస్ట్రేషన్ కాలేదు. ఇలాంటివాళ్లం 14 మందిమి. ఇల్లు పోతుందా?

#20 దివాలా_ఫైలు

పొసెషన్ ఇచ్చిన ఫ్లాటు లిక్విడేషన్ ఆస్తిలో చేరదని 2024 ఫిబ్రవరి సవరణలో రాశారు. 2025 ఫిబ్రవరి సవరణలో, రుణదాతల కమిటీ 66 శాతం ఓటుతో ఒప్పుకుంటే దివాలా నడుస్తుండగానే ఆర్పీ ఫ్లాటు అప్పగించే వీలు, రిజిస్ట్రేషన్‌కు వెసులుబాటు ఇచ్చారు. మీరు బాకీ ఉన్న సొమ్ము కట్టాల్సి ఉంటుంది.

పొసెషన్ నిరూపించడానికి ఒక్క అలాట్‌మెంట్ లేఖ చాలదు. తాళాలు అందుకున్న తేదీ ఉన్న పొసెషన్ లేఖ, మీ పేరు మీద కరెంటు బిల్లు, గ్యాస్ కనెక్షన్, మెయింటెనెన్స్ రసీదులు, ఆ చిరునామాతో ఆధార్, బ్యాంకు లోన్ విడుదలల పత్రం సిద్ధం చేసుకోండి. 14 మందీ ఫారం సీఏ విడివిడిగా వేసి, రిజిస్ట్రేషన్ కోరుతూ లేఖ మాత్రం ఉమ్మడిగా ఇవ్వండి. పిటిషన్ ఇంకా అడ్మిట్ కాలేదు కదా, మిగిలిన వాయిదా సిద్ధంగా ఉన్నవాళ్లు బ్యాంకు ఎన్‌ఓసీ తీసుకుని ఇప్పుడే సేల్ డీడ్ రాయించుకోవాలి. అడ్మిట్ అయ్యాక ఆర్పీ సంతకం, కమిటీ ఓటు లేకుండా ఏ డీడూ కదలదు.